ప్రశ్న – జవాబు: రౌటర్ అప్‌డేట్ అడుగుతోంది, చేయాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రౌటర్ల మీదే. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి, పనికొచ్చేంత వివరంగా కింద జవాబులు ఇస్తున్నాం.

మా ఇంట్లో టీపీ-లింక్ ఆర్చర్ సీ6 రౌటర్ ఉంది. ఫోన్ యాప్ తెరిచినప్పుడల్లా ‘కొత్త ఫర్మ్‌వేర్ ఉంది’ అని చూపిస్తోంది. నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతావని మా వారు వద్దంటున్నారు. చేయాలా, వద్దా?
— ఒక గృహిణి, నయీంనగర్, హనుమకొండ

చేయండి. ఫర్మ్‌వేర్ అంటే రౌటర్‌ను లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్. ‘నడుస్తున్నదాన్ని కెలకొద్దు’ అన్న సూత్రం మిక్సీకి చెల్లుతుంది. రౌటర్ సంగతి వేరు, అది రాత్రింబవళ్లు ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడి ఉంటుంది. 2018 మే నెలలో బయటపడిన వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ అప్పటికే ప్రపంచంలో కనీసం ఐదు లక్షల రౌటర్లు, స్టోరేజీ డబ్బాల్లో తిష్ట వేసింది. వాటిలో చాలావరకు ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని పాత ఫర్మ్‌వేర్‌తో నడుస్తున్నవే.

ముందుగా రౌటర్‌ను బోర్లా తిప్పి కింది స్టిక్కర్ చదవండి. మోడల్ పేరు పక్కనే ‘వెర్షన్’ అని చిన్న అంకె ఉంటుంది. అసలు కీలకం అదే. ఆర్చర్ సీ6లో వెర్షన్ 2 క్వాల్‌కామ్ చిప్‌తో, వెర్షన్ 3 మీడియాటెక్ చిప్‌తో వచ్చాయి. పేరు ఒకటే, పెట్టె ఒకటే, లోపల మనిషి వేరు. ఒకదాని ఫైలు మరొకదానికి వేయకూడదు. చాలా రౌటర్లు తప్పు ఫైలును గుర్తుపట్టి తిప్పికొడతాయి గానీ, ఆ నమ్మకంతో ప్రయోగం చేయొద్దు. ఒకే వెర్షన్‌కు దేశాన్ని బట్టి ఫైళ్లు మారుతుంటాయి కూడా. కాబట్టి కంపెనీ ఇండియా సైటు నుంచే దించుకోండి.

యాప్‌లో ‘అప్‌డేట్’ నొక్కితే ఫైలును రౌటరే తెచ్చుకుంటుంది కాబట్టి ఈ బెడద ఉండదు. ల్యాప్‌టాప్ లేని ఇంట్లో ఇదే సుఖం. ఎట్లా చేసినా, మొదలుపెట్టే ముందు ఈ నాలుగు సంగతులు కాగితం మీద రాసి పెట్టుకోండి: వైఫై పేరు, దాని పాస్‌వర్డ్, రౌటర్ లాగిన్ పాస్‌వర్డ్, ‘ఇంటర్నెట్’ పేజీలో కనిపించే కనెక్షన్ రకం. అక్కడ పీపీపీఓఈ (లాగిన్ అయితేనే నెట్ వచ్చే పద్ధతి) అని ఉంటే దాని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా కావాలి. పాస్‌వర్డ్ చుక్కలుగా కనిపిస్తే నెట్ ఇచ్చినాయన్ని ముందే అడిగి పెట్టుకోండి, అప్‌డేట్ అయ్యాక రాత్రి పదకొండింటికి కాదు. ‘మ్యాక్ క్లోన్’ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. కొందరు లోకల్ ఆపరేటర్లు మీ మొదటి రౌటర్ మ్యాక్ నంబరునే (పరికరం గుర్తింపు సంఖ్య) తమ దగ్గర నమోదు చేసుకుంటారు, కొత్త రౌటర్ ఆ నంబరునే చూపేలా చేసేది మ్యాక్ క్లోన్. అప్‌డేట్‌తో సెట్టింగులు రీసెట్ అయి అది పోతే లైట్లన్నీ పచ్చగానే ఉంటాయి, నెట్ మాత్రం రాదు.

ల్యాప్‌టాప్ ఉంటే బ్రౌజర్లో 192.168.0.1 తెరిచి, అడ్వాన్స్‌డ్, సిస్టమ్ టూల్స్‌లోకి వెళ్లి ‘బ్యాకప్ అండ్ రిస్టోర్’లో సెట్టింగులను ఒక ఫైలుగా దాచండి. దించుకున్న ఫర్మ్‌వేర్ జిప్‌లో ఉంటే విప్పి, లోపలి బిన్ ఫైలునే ఎక్కించాలి. జిప్‌ను అట్లాగే ఇస్తే ‘ఫైలు సరికాదు’ అంటుంది. లాన్ కేబుల్ పెట్టి చేయమని అందరూ చెప్తారు, మంచిదే. అయితే అసలు ప్రమాదం కేబుల్ ఊడితే రాదు. ఫైలు ముందు రౌటర్ ర్యామ్‌లోకి (తాత్కాలిక మెమరీ) చేరుతుంది. సరిచూసుకున్నాకే ఫ్లాష్ చిప్‌లో (శాశ్వత మెమరీ) పాతది చెరిపి కొత్తది రాస్తుంది. ఎక్కించేటప్పుడు వైఫై తెగితే మళ్లీ ఎక్కించుకోవచ్చు. చెరిపి రాసే ఆ రెండు మూడు నిమిషాల్లో కరెంటు పోతేనే చిక్కు.

అందుకే రౌటర్‌ను ఇన్వర్టర్ లైన్లో పెట్టండి, లేదా మినీ యూపీఎస్ వాడండి. మినీ యూపీఎస్ కొనేటప్పుడు అడాప్టర్ మీద చూసిన వోల్టేజీ కచ్చితంగా అంతే ఉండాలి, 9కి 9, 12కి 12. ఆంపియర్లు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండొచ్చు. జిల్లా పేజీలో ‘విద్యుత్ అంతరాయం’ కింద మీ ఏరియా పేరు ఉన్న రోజు, ఈదురుగాలులు వీచే మే నెల సాయంత్రాలు ఈ పనికి పనికిరావు.

మొదలుపెట్టాక పది నిమిషాలు దాని జోలికి పోవద్దు. లైట్లన్నీ ఒకటి రెండుసార్లు ఆరి వెలుగుతాయి, అది మామూలే. ఆ తర్వాత లాగిన్ పేజీ వంకరగా, ఖాళీగా కనిపిస్తే కంగారు పడొద్దు. బ్రౌజర్ తన దగ్గరున్న పాత పేజీని చూపిస్తోందంతే, క్యాష్ (బ్రౌజర్ దాచుకున్న పాత పేజీలు) తుడిచేసి మళ్లీ తెరవండి.

మా మీసేవ కేంద్రంలో నెట్ గంట ఆగినా బయట లైను కడుతుంది. కొత్త వెర్షన్ వచ్చిన రోజే వేయాలా, కొన్ని రోజులు ఆగాలా?
— ఒక నిర్వాహకుడు, భూపాలపల్లి

ఫైలు పక్కనే ‘రిలీజ్ నోట్స్’ అని నాలుగు వరుసలు ఉంటాయి. అవి చదివి తేల్చుకోవాలి. కొత్త ఫీచర్, యాప్ సదుపాయం, ‘స్థిరత్వం మెరుగుపరిచాం’ లాంటి మాటలే ఉంటే రెండు మూడు వారాలు ఆగండి. అందులో తప్పులుంటే ఈలోపు ఇతరుల దగ్గర బయటపడతాయి, కంపెనీ సవరించిన ఫైలు పెడుతుంది. మీలాంటి చోట తొందరపడి మొదటి రోజే వేసుకుంటే వచ్చే లాభం ఏమీ లేదు.

‘సెక్యూరిటీ లోపం సరిచేశాం’ అని ఉంటే లెక్క మారుతుంది. టీపీ-లింక్ ఆర్చర్ ఏఎక్స్21లో పాస్‌వర్డ్ లేకుండానే రౌటర్‌కు ఆదేశాలివ్వగల లోపం ఒకటి దొరికింది. సీవీఈ-2023-1389 దాని నంబరు. సవరించిన ఫర్మ్‌వేర్ 2023 మార్చిలో వచ్చింది. ఏప్రిల్ కల్లా మిరాయ్ అనే మాల్‌వేర్‌ను నడిపే ముఠాలు ఆ లోపాన్ని వాడుకోవడం మొదలుపెట్టాయి. అంటే అక్కడ దొరికిన గడువు నెల కూడా లేదు. అటువంటిదైతే ఆ రాత్రి కేంద్రం మూసిన వెంటనే వేసేయండి. మన దేశంలో సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చే హెచ్చరికల్లో మీ మోడల్ పేరు కనిపించినా అంతే.

‘బీటా’ (ఇంకా పరీక్షలో ఉన్నది) అని ఉన్న ఫైలు కేంద్రంలో వద్దే వద్దు. ఇప్పుడు నడుస్తున్న వెర్షన్ ఫైలును కూడా దించి ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి, కంపెనీలు పాతవాటిని సైటు నుంచి తీసేస్తుంటాయి. ‘అప్‌గ్రేడ్ చేశాక వెనక్కి వెళ్లలేరు’ అని నోట్స్‌లో రాసి ఉందేమో చూసుకోండి. అట్లా ఉంటే పెన్‌డ్రైవ్ ఫైలు ఉత్తదే. ఆటో-అప్‌డేట్ ఇళ్లకు మంచిది, తెల్లవారుజాము మూడు నుంచి ఐదు మధ్య పెట్టుకుంటే చాలు. మీ దగ్గర ఆపేసి, మనిషి ఎదురుగా ఉన్నప్పుడే చేయండి. పొద్దున షట్టర్ ఎత్తేసరికి ఫోన్ హాట్‌స్పాట్‌తో పని మొదలుపెట్టగలిగేలా ఇంకో నెట్‌వర్క్ సిమ్ ఒకటి సిద్ధంగా ఉండాలి.

ఆర్చర్ సీ7 వెర్షన్ 2కు అప్‌డేట్ చేస్తుంటే మధ్యలో కరెంటు పోయింది. ఇప్పుడు లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరుతున్నయ్, మళ్లీ అదే తంతు. రిపేర్ షాపుకు తీస్కపోతే పారేయమన్నరు. నిజంగనే పోయినట్టా?
— ఒక డిగ్రీ విద్యార్థి, పరకాల

చాలావరకు పోలేదు. లైట్లు అట్లా తిరిగి తిరిగి వెలుగుతున్నాయంటే బూట్‌లోడర్ (పవర్ ఇవ్వగానే మొదట లేచి ఫర్మ్‌వేర్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) బతికే ఉందని అర్థం. అది ఫ్లాష్ చిప్‌లో వేరే గదిలో ఉంటుంది, మామూలు అప్‌డేట్ దాన్ని ముట్టుకోదు. అది లేచి, ఫర్మ్‌వేర్ సగమే ఉండటం చూసి, మళ్లీ మొదటికి వస్తోంది. మీ మోడల్‌లో రీసెట్ నొక్కి ఉంచి పవర్ ఇస్తే బూట్‌లోడర్ పక్కనున్న కంప్యూటర్‌ను ‘ఫైలు ఇస్తావా’ అని టీఎఫ్‌టీపీ (ఫైలు పంపే ఒక సాదా పద్ధతి) ద్వారా అడుగుతుంది. ఆ ఫైలు మీరు అందించాలి.

ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి. లాన్ పోర్టుకు ఐపీ 192.168.0.66, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అని చేత్తో ఇవ్వండి. టీఎఫ్‌టీపీడీ64 అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి, ఫర్మ్‌వేర్ ఉన్న ఫోల్డర్‌ను చూపించండి. విండోస్ ఫైర్‌వాల్ ఈ ఐదు నిమిషాలకు ఆపి ఉండాలి. లేకపోతే టీఎఫ్‌టీపీ వాడే యూడీపీ 69 పోర్టును అది మూసేస్తుంది, మీకు ఏ సందేశమూ రాదు. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే.

ఫైలు పేరు అక్షరం పొల్లు పోకుండా ఉండాలి: ఆర్చర్‌సీ7వీ2, అండర్‌స్కోర్, టీపీ, అండర్‌స్కోర్, రికవరీ, చుక్క, బిన్. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఆర్చర్‌లోని ఏ, దాని తర్వాతి సీ మాత్రమే పెద్ద అక్షరాలు, మిగతావన్నీ చిన్నవి. మీరు దించుకున్న కంపెనీ ఫైలు అసలు పేరులో ‘బూట్’ అన్న మాట ఉంటే దాన్ని ఇట్లా వాడొద్దు, అందులో బూట్‌లోడర్ కూడా కలిపి ఉంటుంది. ఆ మాట లేని ఫైలునే తీసుకుని పేరు మార్చండి.

ఇంకో చిక్కు ఉంది. రౌటర్ ఆగి ఉంటే ల్యాప్‌టాప్ ‘కేబుల్ లేదు’ అనుకుంటుంది. రౌటర్ లేచి ఫైలు అడిగే ఆ రెండు క్షణాల్లో ల్యాప్‌టాప్ ఇంకా తేరుకోదు. మధ్యలో మామూలు ఐదు పోర్టుల స్విచ్ ఒకటి పెట్టి, ల్యాప్‌టాప్ నుంచి స్విచ్‌కు, స్విచ్ నుంచి రౌటర్ లాన్ పోర్టుకు కేబుళ్లు వేస్తే ఈ బాధ ఉండదు. రీసెట్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేసి, ఎనిమిది పది సెకన్ల తర్వాత వదలండి. టీఎఫ్‌టీపీడీ64 కిటికీలో ఫైలు కదిలినట్టు వరుస పడితే, ఐదు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోవడమే మీ పని.

మిగతా కంపెనీల తీరు వేరు. డీ-లింక్‌లో చాలా మోడళ్లకు ఇదే పద్ధతిలో రీసెట్ పట్టి లేపితే బ్రౌజర్లో 192.168.0.1 దగ్గర చిన్న రికవరీ పేజీ తెరుచుకుంటుంది. ఆసుస్‌లో పవర్ లైటు నెమ్మదిగా ఆరి వెలుగుతుంటే అది రెస్క్యూ మోడ్, దానికి కంపెనీ సొంత ప్రోగ్రామ్ ఉంది. ఏ లైటూ మారక, ఏ పద్ధతికీ పలకకపోతే ఇక బోర్డు మీది సీరియల్ పిన్నులకు 3.3 వోల్టుల యూఎస్‌బీ-టీటీఎల్ అడాప్టర్ తగిలించి చూడటమే మిగిలింది. 5 వోల్టులది పెడితే ఉన్నది కూడా కాలిపోతుంది.

అప్‌డేట్ తర్వాత ఫోన్లలో నెట్ వస్తోంది గానీ ప్రింటర్, రెండు స్మార్ట్ బల్బులు, ఒక పాత ఫోన్ కలవడం లేదు. సీసీ కెమెరాల డీవీఆర్ ఫోన్లో కనిపించడం లేదు. 5 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కోసారి మాయమవుతోంది.
— ఒక దుకాణదారు, జమ్మికుంట

ఇందులో ఏదీ ఫర్మ్‌వేర్ చెడిపోవడం కాదు. మారినవి సెట్టింగులు.

కొత్త ఫర్మ్‌వేర్లలో భద్రత డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 మిశ్రమానికి మారుతుంటుంది. పాత ప్రింటర్లు, బల్బులు దాన్ని అర్థం చేసుకోలేవు. వైర్‌లెస్ పేజీలో 2.4 గిగాహెర్ట్జ్‌కు డబ్ల్యూపీఏ2-పీఎస్‌కే, ఏఈఎస్ ఎంచుకోండి. ‘స్మార్ట్ కనెక్ట్’ (రెండింటికీ ఒకే పేరు పెట్టేది) ఆన్ అయి ఉంటే ఆపేసి, 2.4కు ఒక పేరు, 5కు మరో పేరు పెట్టండి. బల్బులు, చాలా ప్రింటర్లు 2.4 మీదే పనిచేస్తాయి. 2.4కు పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే అక్షరం మారకుండా ఇస్తే ఒక్కో బల్బును మళ్లీ కలపక్కర్లేదు, వాటంతట అవే వచ్చి చేరతాయి. 2.4కు ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్, ఛానల్ 1, 6, 11లో ఏదో ఒకటి. బజారులో పక్క దుకాణాలన్నీ వైఫై పెట్టుకుని ఉంటాయి కాబట్టి 40 వెడల్పు అక్కడ పనిచేయదు.

5 గిగాహెర్ట్జ్ మాయమవడం రాడార్ వల్ల. ఛానల్ ‘ఆటో’లో ఉంటే రౌటర్ 52 నుంచి 64, లేదా 100 నుంచి 144 మధ్య ఛానల్‌కు వెళ్తుంటుంది. అక్కడ ప్రసారం మొదలుపెట్టే ముందు రాడార్ ఉందేమో అని 60 సెకన్లు చెవి పెట్టి వినాలన్నది నియమం, ఉన్నట్టు అనిపిస్తే వెంటనే తప్పుకోవాలి. ఛానల్ 36 గానీ 149 గానీ చేత్తో ఇచ్చేయండి.

డీవీఆర్‌ది మరో కథ. పాత సెట్టింగుల్లో మీ లోపలి ఐపీ వరుస 192.168.1 అయి ఉంటుంది, రీసెట్ తర్వాత 192.168.0 అయింది. డీవీఆర్‌కు ఐపీ చేత్తో ఇచ్చి ఉంటారు కాబట్టి అది పాత వీధిలోనే కూర్చుని ఉంది. డీవీఆర్‌ను మార్చడం కన్నా రౌటర్ లాన్ ఐపీని 192.168.1.1కి మార్చడం తేలిక. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి డీవీఆర్‌కు దారి తెరవడం) పెట్టి ఉంటే అది మళ్లీ రాయొద్దు. కెమెరా పోర్టు బయటకు తెరిచి ఉంచడం కన్నా డీవీఆర్ కంపెనీ యాప్ ద్వారా చూడటం మేలు.

నెట్ ఆయన పెట్టిన ఫైబర్ డబ్బాకు కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కడ దొరుకుతది? ఆయన ఫోన్ ఎత్తుతలేడు. డబ్బా మీద ఎర్ర లైటు ఆరి వెలుగుతున్నది.
— ఒక పాఠకుడు, నర్సంపేట

వెతకొద్దు, వేయొద్దు. ఆ డబ్బా ఆపరేటర్‌ది. దాని ఫర్మ్‌వేర్‌ను ఆపరేటర్ తన వైపు నుంచే పంపుతాడు. దాని సీరియల్ నంబరు వాళ్ల దగ్గర నమోదై ఉంటుంది, వీలాన్ నంబరు (ఆపరేటర్ నెట్‌వర్క్‌లో మీ లైను ఏ దారిలో వెళ్లాలో చెప్పేది) లోపల రాసి ఉంటుంది. వేరే ఫైలు వేసినా, గుండుసూదితో రీసెట్ నొక్కినా అవి పోయి మనిషి వచ్చేదాకా నెట్ ఉండదు.

పైగా మీ ఎర్ర లైటు ‘లాస్’ అని రాసి ఉన్నదైతే అది సాఫ్ట్‌వేర్ జబ్బు కాదు, వెలుతురు అందడం లేదని అర్థం. స్తంభం నుంచి ఇంటిదాకా తీగ చూడండి. మన దగ్గర సగం సార్లు కోతుల పనే. తీగ బాగానే ఉంటే డబ్బా వెనక పచ్చ కనెక్టర్ వదులైందేమో చూడండి, దాని కొనను వేలితో ముట్టొద్దు, కంటి దగ్గర పెట్టుకోవద్దు. వచ్చినాయన్ని పవర్ మీటర్ రీడింగ్ అడగండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27కి చేరితే తెగుతూ వస్తూ ఉంటుంది, జాయింట్ మళ్లీ వేయమనండి.

చిన్న కేబుల్ నెట్ నడుపుతున్నాం. మైక్రోటిక్ కంపెనీ రౌటర్ ఇంకా దాని సాఫ్ట్‌వేర్ రౌటర్ ఓఎస్ 6 మీద ఉంది. 7కు మారాలంటే ఒక్కసారే దూకవచ్చా?
— ఒక ఆపరేటర్, మంచిర్యాల

దూకొద్దు, మెట్లు దిగండి. ముందు 6లోనే చివరి 6.49 వరుసకు రండి. 6.42 గానీ అంతకన్నా పాతది గానీ అయితే ఈ రోజే. 2018లో విన్‌బాక్స్ (మైక్రోటిక్ రౌటర్‌ను కంప్యూటర్ నుంచి నడిపే ప్రోగ్రామ్) లోపంతో పాస్‌వర్డులు బయటకు లాగిన దాడులు ఆ పాత వెర్షన్ల మీదే జరిగాయి. అక్కడి నుంచి అప్‌డేట్ కిటికీలో ఛానల్‌ను ‘అప్‌గ్రేడ్’కు మార్చితే 7.12.1 వస్తుంది. 7.13 నుంచి వైర్‌లెస్ ప్యాకేజీని వేరు చేశారు కాబట్టి ఈ మధ్య మెట్టు తప్పదు. అది స్థిరపడ్డాకే పైకి వెళ్లండి. హ్యాప్ ఏసీ2 లాంటి 16 ఎంబీ ఫ్లాష్ ఉన్నవాటిలో చోటు చాలక ఆగిపోతుంది. ముందే ఫైల్స్‌లోని పాత బ్యాకప్‌లు, అక్కర్లేని ప్యాకేజీలు తీసేయండి.

బ్యాకప్ రెండు రకాలూ తీయాలి. బైనరీ బ్యాకప్ అదే పెట్టెకు పనికొస్తుంది. ‘ఎక్స్‌పోర్ట్’ చేసిన టెక్స్ట్ ఫైలు చదువుకోవడానికి, వేరే పెట్టెకు ఎక్కించడానికి. 6లో ఎక్స్‌పోర్ట్ చేస్తే పీపీపీఓఈ కస్టమర్ల పాస్‌వర్డులు కూడా వస్తాయి. 7లో ‘షో-సెన్సిటివ్’ అని జోడించకపోతే రావు. ఈ తేడా తెలియక, తీరా కావలసినప్పుడు ఫైలు తెరిచి పాస్‌వర్డులు లేవని గుండె పట్టుకున్నవాళ్లు ఉన్నారు. కాబట్టి 6లో ఉండగానే ఎక్స్‌పోర్ట్ తీసి, రౌటర్లో కాకుండా మీ కంప్యూటర్లో పెట్టుకోండి.

బీజీపీ, ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతులు) వాడుతుంటే 7లో వాటి రూపమే మారింది, రౌటింగ్ ఫిల్టర్లు కొత్త పద్ధతిలో రాస్తారు. మార్పిడి తనంతట తాను చేస్తుంది గానీ ప్రతి వరుసా కళ్లతో చూసుకోవాలి. యూజర్ మేనేజర్‌లో బిల్లింగ్ నడుపుతుంటే దాని డేటాబేస్‌ను వేరుగా మార్చాలి, ఆ పని ముగిశాకే కస్టమర్లను వదలండి. పీపీపీఓఈ, క్యూలు (కస్టమర్లకు వేగ పరిమితులు) మాత్రమే ఉన్న చిన్న నెట్‌వర్క్‌కు ఇంత భయం లేదు.

ప్రతి మెట్టు తర్వాత సిస్టమ్‌లో రౌటర్‌బోర్డ్ తెరిచి ‘అప్‌గ్రేడ్’ నొక్కి మళ్లీ రీబూట్ చేయండి. బూట్‌లోడర్‌ను ఓఎస్ తనంతట తాను మార్చదు, ఇది మరిచిపోయేవాళ్లే ఎక్కువ. పని రాత్రి రెండు తర్వాత పెట్టుకుని, పగలే కస్టమర్లకు మెసేజ్ పంపండి. పక్కన ల్యాప్‌టాప్‌లో నెట్‌ఇన్‌స్టాల్ (ఓఎస్‌ను మొదటి నుంచి మళ్లీ వేసే ప్రోగ్రామ్), 6, 7 రెండింటి ప్యాకేజీలు సిద్ధంగా ఉండాలి. అన్నీ అయ్యాక ఐపీ సర్వీసెస్‌లో టెల్‌నెట్, ఎఫ్‌టీపీ, ఏపీఐ ఆపేసి, విన్‌బాక్స్ 8291 పోర్టును మీ ఆఫీసు ఐపీకే పరిమితం చేయండి.

ఇంట్లో పాత టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఆర్841ఎన్ రౌటర్ ఉంది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసింది. కంపెనీది కాకుండా ఉచితంగా దొరికే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఫర్మ్‌వేర్ వేసి వాడుకోవచ్చా?
— ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, కాజీపేట

నేర్చుకోవడానికి సరే, ఇంటి నెట్‌కు వద్దు. ఆ వరుసలో ఎక్కువవాటికి 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 19.07 తర్వాత అంత చిన్నవాటిని వదిలేసింది, 19.07కు కూడా సవరణలు రావడం ఆగిపోయాయి. ఒక పాత తాళం తీసి ఇంకో పాత తాళం వేసినట్టే అవుతుంది. 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ ఉన్న పెట్టె సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోండి. కొనే ముందు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పట్టికలో మోడల్‌తో పాటు హార్డ్‌వేర్ వెర్షన్ కూడా సరిపోవాలి.

కంపెనీ ఫర్మ్‌వేర్ నుంచి వచ్చేటప్పుడు ‘ఫ్యాక్టరీ’ ఫైలు, తర్వాతి అప్‌గ్రేడ్లకు ‘సిస్‌అప్‌గ్రేడ్’ ఫైలు. వేసిన వెంటనే వైఫై కనిపించకపోతే కంగారు పడొద్దు, అది ఆపి ఉంచే వస్తుంది. కేబుల్ పెట్టి 192.168.1.1 తెరిచి మొదట రూట్ పాస్‌వర్డ్ పెట్టండి. 21.02 వెర్షన్‌లో చాలా పరికరాలకు స్విచ్ పద్ధతి (లాన్ పోర్టులను నడిపే తీరు) మారింది. 19.07 నుంచి వస్తుంటే ‘కాన్ఫిగ్ సరిపోదు’ అని ఆపుతుంది. బలవంతం చేసి పాత సెట్టింగులు ఉంచుకోవద్దు, తుడిచేసి మళ్లీ పెట్టుకోండి.

200 ఎంబీపీఎస్ ప్లాన్. అప్‌డేట్ చేసిన దగ్గర్నుంచి 94 దాటడం లేదు.
— ఒక పాఠకురాలు, సిరిసిల్ల

94 అనగానే కేబుల్ మీదే అనుమానం. 100 ఎంబీపీఎస్‌కు లాన్ కేబుల్లో నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. రౌటర్ రీబూట్ అయినప్పుడు వేగం గురించి రెండు చివరలూ మళ్లీ మాట్లాడుకుంటాయి. ఒక్క తీగ ఆడకపోయినా 100కి దిగిపోతాయి. ఫైబర్ డబ్బాకు, రౌటర్ వ్యాన్ పోర్టుకు (ఇంటర్నెట్ వచ్చే పోర్టు) మధ్య ఉన్న చిన్న కేబుల్ తీసి, క్యాట్5ఈ గానీ క్యాట్6 గానీ కొత్తది వేసి చూడండి. అప్పటికీ అంతే ఉంటే రౌటర్ పోర్టులు గిగాబిట్‌వేనా అని పెట్టె మీద చదవండి. అవి గిగాబిట్‌వే అయితే క్యూఓఎస్ (వేగాన్ని పంచి, పరిమితి పెట్టే సెట్టింగు) పేజీ తెరవండి. అక్కడ బ్యాండ్‌విడ్త్ 100 అని రాసి ఉంటే దాన్ని ఆపేయండి.